700 కట్టాను కదా, బీమా ఉన్నట్టే కదా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. పోయిన నెల అమ్మానాన్నల్ని శ్రీశైలం తీసుకెళ్దామని ఒక సెల్ఫ్ డ్రైవ్ యాప్‌లో మూడు రోజులకు చిన్న కారు తీసుకున్నాను. డిపాజిట్ 5,000. దానికి తోడు 700 పెట్టి ‘డ్యామేజ్ ప్రొటెక్షన్’ కూడా తీసుకున్నాను. బుక్ చేసేటప్పుడు ‘మీ బాధ్యత 10,000 వరకే’ అని కనిపించింది. సత్రం దగ్గర రివర్స్ తీస్తుంటే వెనక బంపర్ కుడి మూల రాతి దిమ్మెకు రాసుకుంది. జానెడు గీత, కొంచెం నొక్కు. నిజం చెప్పాలంటే భయపడి ఎవరికీ చెప్పలేదు. బండి తిరిగిచ్చినప్పుడు వాళ్ల కుర్రాడు చుట్టూ తిరిగి చూసి ‘ఓకే సార్’ అన్నాడు. నాలుగో రోజు మెయిల్ వచ్చింది. కొత్త బంపర్ 9,800, బంపర్‌కీ ఎడమ వెనక డోరుకీ పెయింటింగ్ 8,600, లేబర్ 2,400, బండి నాలుగు రోజులు ఆగినందుకు 7,600. మొత్తం 28,400. డిపాజిట్ పోను ఇంకా 23,400 కట్టాలట. 24 గంటల్లో చెప్పలేదు కాబట్టి 10,000 పరిమితి వర్తించదట. డోరు సొట్ట నేను తీసుకునేటప్పటికే ఉంది, ఫొటో మాత్రం తీయలేదు. కట్టకపోతే సిబిల్ స్కోరు పోతుందని రోజూ మెసేజ్‌లు. బండికి ఇన్సూరెన్స్ ఉంటుంది కదండీ, నా దగ్గర ఎందుకు వసూలు చేయాలి?

సమాధానం: ముందు మీరు తినాల్సిన చీవాట్లు తినేయండి, తర్వాత మీ పక్షాన మాట్లాడతాను. దెబ్బ తగిలిందని తెలిసీ చెప్పకుండా బండి ఇచ్చేయడం తప్పు. ఆ రోజే రెండు ఫొటోలు తీసి యాప్‌లో పెట్టి ఉంటే ఈ ఉత్తరమే అవసరమయ్యేది కాదు. అలాగని ఒక గీత దాచినందుకు 28,400 ఇచ్చుకోవాలా అంటే, అక్కర్లేదు. ఇరవై రెండేళ్లు మోటారు సర్వేయరుగా, అంటే బీమా క్లెయిముల కోసం దెబ్బతిన్న బండ్ల నష్టం లెక్కకట్టే మనిషిగా, షెడ్ల చుట్టూ తిరిగి ఎస్టిమేట్లు కోసిన చేయి నాది. మీ బిల్లు చదువుతుంటే ఆ చేతికి పాత దురద మళ్లీ మొదలైంది.

మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. అందరూ పొరబడేది అక్కడే. బండికి ఇన్సూరెన్స్ ఉంటుంది. అది మీది కాదు. పాలసీ బండి యజమాని పేరు మీద ఉంటుంది, క్లెయిమ్ వేయాలో వద్దో నిర్ణయించేది యజమానే. అందులో రెండు భాగాలు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ భాగాన్ని, అంటే మీ బండి వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి. బండికే తగిలే దెబ్బలకు రెండోది, ఓన్ డ్యామేజ్. అది యజమాని ఇష్టం. మీరు కట్టిన 700 ఈ రెండింట్లో దేనికీ చెందదు. అది బీమా ప్రీమియం కాదు, మీ పేరు మీద ఏ పాలసీ నంబరూ పుట్టలేదు. బండి పాడైతే మీ దగ్గర ఇంతకు మించి తీసుకోం అని అద్దెకిచ్చినవాడు రాసిచ్చిన మాఫీ, అంతే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు ఎయిర్‌పోర్టు కౌంటర్లో సంతకం పెట్టే సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్) కూడా ఇదే బాపతు. పేరులో ‘ప్రొటెక్షన్’ ఉంది కాబట్టి మనకు బీమాలా వినిపిస్తుంది.

కాబట్టి ‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అనే వాదన పక్కన పెట్టేయండి. దానికి వాళ్ల దగ్గర తయారు జవాబు ఉంది. మీరు అడగాల్సింది వేరే: ‘మీకు నిజంగా ఎంత నష్టం జరిగిందో కాగితం చూపించండి.’

వాళ్లు క్లెయిమ్ ఎందుకు వేయరో కూడా చెబుతాను, మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. బంపర్ ప్లాస్టిక్. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మామూలు పాలసీలో సగం తరుగుదల కింద కోసేస్తారు, బండి కొత్తదైనా సరే. 9,800 బంపర్‌కు కంపెనీ లెక్కకట్టేది 4,900. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు సామగ్రిగా లెక్కేసి, అందులో సగం తగ్గిస్తారు. ఆపైన తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో యజమాని తానే భరించాల్సిన మొత్తం ఉంటుంది, సొంత కార్లకైతే 1500 సీసీ లోపు 1,000 రూపాయలు. ఇదంతా పోయాక వచ్చే నాలుగు రాళ్ల కోసం క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఏ క్లెయిమూ లేకుండా ఏళ్లు గడిస్తే అది 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. అందుకని చిన్న దెబ్బలకు ఎవరూ క్లెయిమ్ వేయరు, నేనైనా వేయను. అందులో తప్పు లేదు. ఇటు క్లెయిమ్ వేసి, అటు మీ దగ్గరా పూర్తిగా వసూలు చేస్తే మాత్రం తప్పు. బీమా నష్టాన్ని పూడ్చడానికే తప్ప లాభం తెచ్చిపెట్టడానికి కాదు. అందుకే మొదటి మెయిల్‌లోనే అడగండి: ఈ దెబ్బకు క్లెయిమ్ వేశారా లేదా, రాతపూర్వకంగా చెప్పండి అని.

ఇక బిల్లు.

బంపర్ మార్పు అన్నారు. జానెడు గీతకీ కొంచెం నొక్కుకీ బంపర్ మార్చడం గోటితో పోయేదానికి గొడ్డలి. ప్లాస్టిక్ బంపర్‌ను వేడి చేసి నొక్కు బయటికి తోసి, పుట్టీ పెట్టి, రంగు వేస్తారు. మార్చాల్సి వచ్చేది బంపర్ చిరిగినా, బాడీకి పట్టి ఉంచే క్లిప్పులు, లాకులు విరిగినా. రిపేరుతో పోయే దానికి షెడ్డువాడు రీప్లేస్ అని రాస్తే మేం ఎర్ర పెన్నుతో కొట్టేసేవాళ్లం. ఒకవేళ నిజంగా మార్చారనుకుందాం. అయితే పాత బంపర్ ఎక్కడుంది? కొత్తదానికి పార్ట్ నంబరుతో ఉన్న బిల్లు ఏది? ఈ రెండూ అడిగితే చాలాసార్లు ‘మార్పు’ కాస్తా ‘రిపేరు’గా మారిపోతుంది. నా అంచనా చెప్పమంటే, ఇలాంటి పనికి బయటి షెడ్డులో మూడు నాలుగు వేలు, షోరూములోనైతే ఇంకో రెండు వేలు ఎక్కువ. మీరు కట్టిన డిపాజిట్ ఆ దగ్గరిదాకా వచ్చేసింది.

డోరు సంగతి మీరే రాశారు, మీరే గమనించలేదు. మీకు దెబ్బ తగిలింది బంపర్ కుడి మూల. వాళ్లు రంగు వేసింది ఎడమ వెనక డోరుకి. రివర్స్‌లో కుడి మూల దిమ్మెకు తగిలితే ఎడమ డోరు సొట్టపోదు. బండి గాల్లో గిరికీ కొడితే తప్ప. సర్వేయరు మొదట చూసేదే ఇది: దెబ్బ తగిలిన తీరూ, దెబ్బలు ఉన్న చోట్లూ పొసుగుతున్నాయా? ఇక్కడ పొసగడం లేదు. మీ దగ్గర ఫొటో లేకపోయినా ఈ ఒక్క ముక్క గట్టిగా నిలుస్తుంది. ఫొటో లేదని అంత తేలిగ్గా ఒప్పుకోకండి కూడా. చాలా యాప్‌లు బండి ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు ఎక్కించమంటాయి. మీరు ఎక్కించి మరిచిపోయారేమో బుకింగ్‌లో చూడండి. అమ్మగారి ఫోను వెతకండి, ప్రయాణం మొదట్లో కారు పక్కన నిలబడి ఫొటో దిగే ఉంటారు. దొరికితే వాట్సాప్‌లో పంపించుకోవద్దు, అందులో ఫొటో తీసిన తేదీ, సమయం చెరిగిపోతాయి. ఒరిజినల్ ఫైలునే మెయిల్‌కు జత చేయండి. మీకు ముందు ఆ బండి తీసుకున్నవాళ్లు తిరిగిచ్చినప్పటి ఫొటోలు కంపెనీ దగ్గర ఉంటాయి. అవీ చూపించమని అడగండి. డోరు బాగున్న బండినే మీకిచ్చామని చూపించాల్సింది వాళ్లు.

8,600 పెయింటింగ్‌ను బంపర్‌కెంత, డోరుకెంత అని విడగొట్టమనండి. లేబర్ 2,400 దేనికో కూడా. విప్పి బిగించడానికా, టింకరింగ్‌కా (సొట్ట తీయడానికా)? డోరుకి టింకరింగ్ చేసి ఉంటే అందులో ఎక్కువ భాగం అక్కడికే పోయి ఉంటుంది.

నాలుగు రోజుల బాడుగ 7,600 దగ్గర నాకు నవ్వొచ్చింది. ఒక బంపర్ రంగు ఆరడానికి నాలుగు రోజులా? రెండు రోజులు ఎక్కువ. సరే, షెడ్డులో వరుస ఉందనుకుందాం. బండి ఏ రోజు ఎన్ని గంటలకు లోపలికి వెళ్లింది, ఎప్పుడు బయటికొచ్చింది అన్నది జాబ్ కార్డు మీద, అంటే షెడ్డువాళ్లు పని వివరాలు రాసే కాగితం మీద ఉంటుంది. దాని నకలు కావాలి. అంతకంటే ముఖ్యమైనది, ఆ నాలుగు రోజులూ ఆ బండి అడిగినవాళ్లున్నారా? మంగళ, బుధవారాల్లో పార్కింగ్‌లో పడుండే బండికి ఆదివారం రేటు కడితే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. మీ బుకింగ్ ముగిసిన మర్నాటి నుంచి ఆ బండి ఎవరికైనా వెళ్లిందా, ఏవైనా బుకింగులు రద్దయ్యాయా అని వివరం అడగండి. మీ స్నేహితులెవరైనా ఆ వారంలో అదే యాప్‌లో బండి వెతికి ఉంటే స్క్రీన్‌షాట్ ఏదైనా ఉందేమో కనుక్కోండి. అదే నంబరు బండి ‘అందుబాటులో ఉంది’ అని కనిపించిందంటే ఆ 7,600 మాట అక్కడితో ముగిసినట్టే.

ఇప్పుడు మీకు బలహీనమైన చోటుకి వద్దాం. 24 గంటల నిబంధన. షరతుల్లో ఉంది, మీరు ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కారు. చదవలేదంటే చెల్లదు. కానీ ఆ నిబంధన ఎందుకు పెట్టారో ఆలోచించండి. దెబ్బ వెంటనే తెలిస్తే బండిని చూసుకోవచ్చని, క్లెయిమ్ వేయాల్సివస్తే ఆలస్యం కాకూడదని. మీ విషయంలో వాళ్ల మనిషే బండి చుట్టూ తిరిగి చూసి తీసుకున్నాడు. మీరు చెప్పనందువల్ల వాళ్లకు కొత్తగా కలిగిన నష్టం ఏమిటి? గీత పెరగలేదు, క్లెయిమ్ మురిగిపోలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా 10,000 పరిమితి మొత్తాన్నే ఎత్తేయడం శిక్ష అవుతుంది కానీ పరిహారం కాదు.

చట్టం ఇక్కడ మీవైపే కొంచెం మొగ్గుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినందుకు ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. నష్టం జరిగి ఉండాలన్న మాటను కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. అదే చట్టంలో అద్దెకు తీసుకున్న వస్తువుల గురించి కూడా ఉంది: మామూలు బుద్ధి ఉన్న మనిషి సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి, అంతవరకే. ఇక 150వ సెక్షన్ చాలామందికి తెలియదు. అద్దెకిచ్చిన వస్తువులో లోపముంటే, ఆ లోపం యజమానికి తెలిసినా తెలియకపోయినా దానివల్ల కలిగే నష్టం యజమానిదే. అరిగిన టైరు పేలి బండి పక్కకు పోయిందనుకోండి, అప్పుడు ఇది పనికొస్తుంది.

సిబిల్ బెదిరింపుకు కంగారుపడకండి. మీరు అప్పు తీసుకోలేదు, బాడుగ బండి తీసుకున్నారు. క్రెడిట్ బ్యూరోలకు సమాచారం వెళ్లేది బ్యాంకులూ రుణ సంస్థల నుంచి. వివాదంలో ఉన్న రిపేరు బిల్లు అప్పు ఖాతా కాదు. మీరు ‘పే లేటర్’ లాంటిది వాడి బాడుగ కట్టి ఉంటే మాత్రం ఆ వాయిదాలు ఆపకండి, అది నిజంగానే అప్పు. యాప్‌లో మీ కార్డు సేవ్ అయి ఉంటే ఈరోజే తీసేయండి. ఆ మెసేజ్‌లు చెరపకండి, సాక్ష్యాలు అవే.

మెయిల్ ఇలా రాయండి, ఇంగ్లీషులోకి మార్చుకోండి. ఫోన్లో మాట్లాడొద్దు, మాట్లాడినా వెంటనే మెయిల్‌లో రాసిపెట్టండి.

‘వెనక బంపర్ కుడి మూల గీత నా వల్లే పడింది, ఒప్పుకుంటున్నాను. దాని రిపేరుకు సమంజసమైన ఖర్చు భరిస్తాను. ఎడమ డోరు దెబ్బకు నాకు సంబంధం లేదు. జాబ్ కార్డు, జీఎస్టీ నంబరుతో ఉన్న షెడ్డు బిల్లు, మార్చిన బంపర్ ఫొటో, నాకు ముందూ తర్వాతా తీసిన బండి ఫొటోలు, నా తర్వాత నాలుగు రోజుల బుకింగ్ వివరాలు, బీమా క్లెయిమ్ వేశారో లేదో రాతపూర్వక సమాధానం పదిహేను రోజుల్లో పంపండి. నేను ప్రొటెక్షన్ తీసుకున్నాను కాబట్టి నా బాధ్యత ఏ పరిస్థితుల్లోనూ 10,000 దాటదు. అసలు ఖర్చు తేలాక డిపాజిట్‌లో మిగిలింది తిరిగివ్వండి.’

గీత ఒప్పుకోవడం ఎందుకు అని మీ బంధువుల్లో ఒక లాయరు అడగొచ్చు. ఒప్పుకున్న మనిషి మాటకు వినియోగదారుల కమిషన్ ముందు విలువ ఉంటుంది. దాచిన సంగతి అవతలివాడు బయటపెట్టే లోపు మీరే చెప్పేయడం మేలు.

పదిహేను రోజుల్లో పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు అక్కడి నుంచి ఫిర్యాదు రాగానే లెక్క తగ్గిస్తాయి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, షరతుల్లో ఫలానా నగరం కోర్టులని, ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) అని రాసుకున్నా అది అడ్డం కాదు. మీరు చెల్లించిన బాడుగ 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. రెండేళ్ల గడువుంది. ఒక్క జాగ్రత్త: ‘ఈ ఒప్పందమే అన్యాయమైనది, కొట్టేయండి’ అని అడిగితే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి వెళ్తుంది. మీకు అంత దూరం అక్కర్లేదు. సేవాలోపం, ఎక్కువ వసూలు అని రాయండి.

మీరు అడగనిది ఒకటి అడుగుతాను. ఆ బండి నంబరు ప్లేటు ఏ రంగు? సెల్ఫ్ డ్రైవ్‌కు లైసెన్సుతో ఇచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. రెంట్ ఎ క్యాబ్ పథకం 1989 కింద, కనీసం 50 బండ్లున్న సంస్థకు ఆ లైసెన్సు ఇస్తారు. తెల్ల ప్లేటు అయితే అది ఎవరిదో సొంత కారు. సొంత కారు పాలసీలో ‘బాడుగకు వాడకూడదు’ అని స్పష్టంగా ఉంటుంది. అలాంటి బండి పెద్ద ప్రమాదంలో పడితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిప్పికొడతారు. మనిషికి దెబ్బ తగిలితే ఇంకా కష్టం. బాధితులకు బీమా కంపెనీ చేత ఇప్పించినా, ఆ సొమ్ము యజమాని దగ్గర రాబట్టుకోమని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ చెప్పొచ్చు, యజమాని మీ వైపు తిరుగుతాడు. కేసులో డ్రైవరుగా మీ పేరు ఎలాగూ ఉంటుంది. స్నేహితుడి స్నేహితుడు రోజుకు 1,500కి ఇస్తానన్న తెల్ల ప్లేటు కారు ఎందుకు చవకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. బండి నంబరు ఎం-పరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ తరగతి, బీమా గడువు రెండూ కనిపిస్తాయి. రెండు నిమిషాల పని, డబ్బు కట్టకముందే చేయాలి.

మళ్లీ ఎప్పుడైనా బండి తీసుకుంటే, తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ ఒకే వీడియో, ఆపకుండా, వాళ్ల మనిషి మొహం కూడా పడేలా. కింద బంపర్ అంచులు, చక్రాల రిమ్ములు, ముందు అద్దం, స్టెప్నీ, పెట్రోలు ముల్లు, కిలోమీటర్లు. ఎండలో తీయండి. సెల్లార్ చీకట్లో బండి అప్పగిస్తానంటే బయటికి తెమ్మనండి. ప్రొటెక్షన్‌లో టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం, తాళంచెవి కలుస్తాయో లేదో చూడండి, సాధారణంగా వదిలేసేవి అవే. కొన్ని ఒప్పందాల్లో గడువు దాటిన గంట నుంచి ప్రొటెక్షన్ ఆగిపోతుంది. శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లు వదలరు, మీకు తెలుసు. సాయంత్రం పూజ ఆలస్యమై ఈగలపెంట దగ్గర ఆగిపోతే బండి గడువు దాటిపోతుంది. అలాంటప్పుడు ముందే యాప్‌లో గంటలు పెంచుకోవాలి.

వానాకాలంలో అండర్‌పాస్ నీళ్లలో బండి ఆగిపోతే తాళం మళ్లీ తిప్పకండి. ఇంజన్లోకి నీళ్లు లాగి రాడ్లు వంగితే ఖర్చు లక్షల్లోకి పోతుంది, మామూలు పాలసీ అది ఇవ్వదు. తోయించి పక్కకు పెట్టి, ఫొటో తీసి, ఫోను చేయండి. ఈసారి వెంటనే.

జాబ్ కార్డు వచ్చాక దాని నకలు, బండి ఫొటో ఒకటి నాకు పంపండి. ప్లేటు రంగు కూడా కనిపించేలా.